లేయమ్మ పోసిన నీళ్లు

నేను ఒక ఇత్తడి చెంబుని. చెంబు అనగానే మీకు నవ్వు రావచ్చు. రానివ్వండి, నాకు అలవాటే. చెంబు పేరెత్తితే చాలామందికి తెల్లారకుండానే చేలగట్టుకి పోయే మనిషి గుర్తొస్తాడు. ఆ పనికి వాడే చెంబు వేరు, తాగే నీళ్ల చెంబు వేరు అని ప్రతి ఇంట్లో పసిపిల్లలకి కూడా తెలుసు. నేను తాగే నీళ్ల చెంబుని. ఈ సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే, నా మీద ఒకసారి పెద్ద తగువే వచ్చింది. ఆ తగువులో పెద్దమనుషులు నన్ను నానా మాటలూ అన్నారు.

కంచరి వీధిలో పుట్టాను. అంతకు ముందు నేను ఎవరింట్లోనో చిల్లుపడిన బిందెనో, నోరు విరిగిన గంటనో అయ్యుంటాను. మూసలో కరిగాక ఎవరు ఎవరో చెప్పడం కష్టం. పోతపోసి, సుత్తితో కొట్టి, కడుపు గుండ్రంగా తేల్చి, లోపల కళాయి పూసి, నన్ను సంతకి తోలారు. అక్కడ ఒక నల్లటి, పొట్టి, గట్టి మనిషి నన్ను ఎత్తి, వేలితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని విని, తేలిగ్గా ఉందని పెదవి విరిచి వెళ్లిపోయింది. వెళ్లినట్టే వెళ్లి మళ్లీ వచ్చి కొనుక్కుంది. ఆవిడ పేరు దోర్కసమ్మ. ఈతలంకలో పొగాకు పనికి పోయే విధవరాలు. ఫిలేమోను అని ఒక్కడే కొడుకు.

ఈతలంక గోదావరి రెండు పాయల మధ్య ఉండేది. ఉండేది అనే అంటున్నాను, ఇప్పుడు లేదు కాబట్టి. ఒకవైపు ఒడ్డున ఏరు ఒండ్రు పోసేది, రెండోవైపు కోసుకుపోయేది. మధ్యలో ఇళ్లు, పొగాకు చేలు, ఎత్తు మీద పెంకుటి కప్పుతో చిన్న లూథరన్ గుడి. గుడి పక్కనే సమాధుల దొడ్డి. పాస్టరు అయ్యగారు అవతలి గట్టున ఉండేవారు. ఆయన కింద చాలా ఊళ్లు ఉండడం వల్ల నెలకోసారి పడవ దాటి వచ్చి ఆరాధన జరిపి, రొట్టె, ద్రాక్షరసంతో ప్రభువు సంస్కారం ఇచ్చి, పిల్లలకి బాప్తిస్మాలు ఇచ్చి వెళ్లేవారు. మిగతా ఆదివారాలు ఉపదేశి బర్నబాసుగారే ప్రార్థన నడిపేవారు. పిల్లలకి పాఠాలూ ఆయనే చెప్పేవారు.

గుడిలో బాప్తిస్మానికి వెండిగిన్నె ఒకటి ఉండేది. అయ్యగారు వచ్చిన రోజే బీరువాలోంచి బయటికి తీసేవారు. దాని గురించి మా ఇంటి ఆడవాళ్లు మాట్లాడుకుంటుంటే నాకు ఒళ్లు మండేది. ఏడాదికి పదిసార్లు పని చేసేదానికి అంత మర్యాద, రోజంతా పని చేసేదానికి చింతపండు తోముడు. సరే, అది నా గోల. అసలు చెప్పొచ్చేదేమిటంటే, అయ్యగారు వచ్చేదాకా బిడ్డలు ఆగాలి. ఆగలేక చనిపోయినవాళ్లని సమాధుల దొడ్డిలో పెట్టేవారు కాదు. కోతకి పోయే ఒడ్డున, ఇసకలో పెట్టేవారు. ఈ పద్ధతి ఏ పుస్తకంలోనూ లేదు, ఏ అయ్యగారూ చెప్పలేదు. ఎవరో పెద్దలు పెట్టారట, ఈ పెద్దలు పాటిస్తున్నారట. అంతే. ఏటా వరదకి ఆ ఒడ్డు కొంత విరిగి నీళ్లలో పడిపోయేది. దాంతోపాటు ఏం పోయిందో ఎవరూ అడిగేవారు కాదు.

దోర్కసమ్మకి తమ్ముడి కూతురు లేయమ్మ అంటే ప్రాణం. చిన్నప్పటి నుంచీ మేనత్త ఇంట్లోనే తిరిగేది. కన్ఫర్మేషన్ పాఠాలు వల్లెవేసింది కూడా మా అరుగు మీదే. పసితనంలో బాప్తిస్మం పొందిన పిల్లలు పెద్దయ్యాక ఆ విశ్వాసాన్ని సంఘం ముందు తమ నోటితో ఒప్పుకోవాలి, దానికి ముందు ఈ పాఠాలన్నీ అప్పజెప్పాలి. లేయమ్మ గొంతు సన్నగా, ఆగకుండా పోయేది. బాప్తిస్మమంటే ఉత్త నీళ్లు కాదు, దేవుడి మాటతో కలిసిన నీళ్లు. మాట లేకపోతే అవి వంటింటి నీళ్లే. అయ్యగారు అందుబాటులో లేనప్పుడు బిడ్డ ప్రాణం మీదికి వస్తే ఏ క్రైస్తవుడైనా ఇవ్వొచ్చు, ఆడదైనా ఇవ్వొచ్చు. ఈ చివరి జవాబు ఆ పిల్లకి కుదిరేది కాదు. బర్నబాసుగారు మా గుమ్మంలో నిలబడి మళ్లీ మళ్లీ చెప్పించారు. నీళ్లు తాగడానికి నన్నే అడిగారు కూడా.

ఆ లేయమ్మే ఈ ఇంటి కోడలైంది. ఫిలేమోను సరుకు పడవల మీద పనికి పోయేవాడు, ఇంటికంటే ఏటి మీదే ఎక్కువ ఉండేవాడు. మంచివాడే. మాట తక్కువ. పెళ్లయ్యాక చాలాకాలం పిల్లల్లేక, ఉన్నన్ని ప్రార్థనలూ అయ్యాక, ఒక శ్రావణ మాసంలో ఆడపిల్ల పుట్టింది. పుట్టినప్పుడు తండ్రి ఊళ్లో లేడు. పిల్ల చిన్నగా, ముడతలు పడి, గుప్పెడంత ఉంది. పేరు తబిత అనుకున్నారు. బైబిల్లో దోర్కా అన్నా తబితా అన్నా ఒకే మనిషట. మనవరాలికి తన పేరు పెడుతున్నారని దోర్కసమ్మకి ఎంత మురిపెమో. అయ్యగారు వచ్చే ఆదివారానికి తెల్లగౌను కుట్టించడానికి గుడ్డ తెచ్చి దాచింది.

ఆ ఆదివారం రాలేదు. గోదారి పోటెత్తింది. ఎర్రనీళ్లు పొగాకు కొట్లదాకా వచ్చాయి, పడవలన్నీ ఎత్తున కట్టేశారు, ఏరు దాటే మొనగాడు లేడు. వాన వదల్లేదు. ఆ తేమలో పిల్లకి జలుబు చేసింది, జలుబు రొమ్ములోకి దిగింది. పాలు తాగడం మానేసింది. ఒక మధ్యాహ్నం డొక్కలు ఎగరెయ్యడం మొదలుపెట్టింది. దోర్కసమ్మ చూసి, ఉపదేశిగారిని తీసుకొస్తానని గోనెసంచి నెత్తిన కప్పుకుని వానలో పరిగెత్తింది. ఇంట్లో లేయమ్మ, బిడ్డ, నేను.

నాలో నీళ్లున్నాయి. వరదనీళ్లే. పొద్దున బిందెలో ఇండుపగింజ అరగదీసి తేర్చిన నీళ్లు. మంచం పక్కన పీట మీద ఉన్నాను. లేయమ్మ గుమ్మం వైపు చూస్తూ బిడ్డ వీపు రాస్తోంది. గుమ్మంలో ఎవరూ లేరు. బిడ్డ పెదవులు నీలంగా తిరిగాయి. లేయమ్మ ఒక్కసారి లేచి నిలబడింది, మళ్లీ కూర్చుంది, నన్ను అందుకుంది.

తల కిందికి చెయ్యి పెట్టి ఎత్తింది. "తబితా" అని పిలిచింది. "తండ్రి యొక్కయు" అని మొదటిసారి పోసింది. "కుమారుని యొక్కయు" అని రెండోసారి పోసింది. మూడోసారి పోస్తూ, "పరిశుద్ధాత్మ యొక్కయు నామమున నేను నీకు బాప్తిస్మమిచ్చుచున్నాను" అనేటప్పుడు కళ్లు మూసుకుంది.

ఎందుకు మూసుకుంది? ప్రార్థనంటే కళ్లు మూసుకోవాలి. మాటలు రాని వయసులోనే పిల్లల కళ్ల మీద చెయ్యి పెట్టి నేర్పుతారు ఈ జనం. గుడిలో కళ్లు తెరిచిన పిల్లవాణ్ణి వెనక బల్ల మీది ఆడవాళ్లు గిల్లుతారు. లేయమ్మకి అది ఒంటికి పట్టిన అలవాటు. దేవుడి పేరు నోట్లో ఉంది, రెప్పలు వాటంతట అవే వాలిపోయాయి. ఆమె కళ్లు తెరిచి ఉంటే ఇక చెప్పడానికి నా దగ్గర కథే ఉండేది కాదు.

నాకు రెప్పల్లేవు. వంచినప్పుడు నా అంచు బిడ్డ నుదుటికి తగిలింది. నుదురు వెచ్చగా ఉంది. నీళ్లు పడగానే ముడుచుకుంది. కింది పెదవి కదిలింది, ఒక చుక్క లోపలికి పోయింది, చిన్న ఎక్కిలి లాంటిది వచ్చింది. లేయమ్మ ఆమెన్ అన్న తర్వాత ఇక ఏమీ కదల్లేదు. ఆమె కళ్లు తెరిచేసరికి ఆ మొహం ఇప్పుడు పోయిందో, ఇందాకే పోయిందో చెప్పలేని మొహం. లేయమ్మ ఏడవలేదు. నన్ను పీట మీద జాగ్రత్తగా పెట్టింది, ఒలికిన నీళ్లు కొంగుతో తుడిచింది, తర్వాత అరిచింది.

బర్నబాసుగారు వచ్చేసరికి అయిపోయింది. ఆయన వెనకాల సంఘపెద్ద నతానియేలు, ఇంకొందరు వచ్చారు. అందరూ నిలువెల్లా తడిసి ఉన్నారు. లేయమ్మ బిడ్డని ఒళ్లో పెట్టుకుని, తాను బాప్తిస్మం ఇచ్చానని చెప్పింది. ఎవరు చూశారని అడిగారు. ఎవరూ లేరంది. దేంతో ఇచ్చావని అడిగారు. నన్ను చూపించింది. అందరూ నా వైపు తిరిగారు.

అప్పుడు మొదలైంది తగువు. చెంబుతో నీళ్లు పోస్తే అది స్నానమవుతుంది గానీ బాప్తిస్మం ఎలా అవుతుందని నతానియేలు అన్నాడు. వెండిగిన్నె ఎందుకు చేయించుకున్నాం, అయ్యగారికి జీతం ఎందుకు పంపుతున్నాం అన్నాడు. పోగొట్టుకున్న తల్లి ఏదైనా చెప్తుంది, నలుగురూ ఇలాగే చెప్తే ఇక ఒడ్డున ఎవర్ని పెడతాం అని ఇంకొకాయన. ఆ చెంబు ఎక్కడెక్కడ తిరిగిందో అని మూడో ఆయన ముక్కు మూసుకున్నాడు. దోర్కసమ్మ ఆయన మీదికి పోయి, నా ఇంట్లో నీళ్లు తాగినప్పుడు ఈ ముక్కు ఏమైందయ్యా అని నిలదీసింది. బర్నబాసుగారు చెడ్డవాడు కాదు. భయస్తుడు. దొడ్డిలో పెట్టాక అయ్యగారు వచ్చి చెల్లదంటే మళ్లీ తవ్వి తియ్యాలా అన్నదే ఆయన బెంగ. ముందు ఒడ్డున పెడదాం, చెల్లిందంటే అప్పుడే తెచ్చుకుందాం అని తీర్పు చెప్పారు.

లేయమ్మ తలెత్తి ఆయన్ని చూసింది.

"నేర్పింది మీరే కదండి" అంది.

బర్నబాసుగారు తల తిప్పుకున్నారు. ఆయన పాఠం చెప్పింది పిల్లలు అయ్యగారి ముందు తడుముకోకుండా అప్పజెప్పాలని. ఆ పాఠంతో ఎవరైనా నిజంగా బాప్తిస్మం ఇస్తారని ఆయనకి ఎన్నడూ తట్టలేదు. వాన కాస్త తెరిపిచ్చాక బిడ్డని ఒడ్డుకి తీసుకెళ్లారు. దాచిన గుడ్డతో గౌను కుట్టలేదు కాబట్టి ఆ గుడ్డలోనే చుట్టారు. లేయమ్మని వెళ్లనివ్వలేదు, బాలింత కదా. గుమ్మంలో కూర్చుని నీళ్ల చప్పుడు వింది. రోజూ వినే చప్పుడే, ఆ రోజు నుంచి ఆమెకి పడేది కాదు.

వరద తగ్గాక అయ్యగారు వచ్చారు. జ్ఞానప్రకాశంగారు. పెద్దవయసు, మోకాళ్లదాకా బురద. రేవు దగ్గరే సంగతంతా విన్నారేమో, వస్తూనే మంచం మీద కూలబడి మంచినీళ్లు అడిగారు. దోర్కసమ్మ ఏ ధ్యాసలో ఉందో నన్నే నింపి ఇచ్చింది. గటగటా తాగి, మూతి తుడుచుకుని, ఏ చెంబుతో అని అడిగారు. ఇదేనండి అంది దోర్కసమ్మ. ఆయన నన్ను ఒళ్లో పెట్టుకున్నారు, మాట్లాడుతున్నంతసేపూ దించలేదు. నతానియేలు గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాడు. నాకు ఆ క్షణం ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

ఇలాంటప్పుడు పాస్టరు అడగవలసిన ప్రశ్నలు ఉంటాయట. బాప్తిస్మం ఎవరు ఇచ్చారు? దేంతో ఇచ్చారు? ఏ మాటలు పలికారు? ఆయన ఒక్కొక్కటే నెమ్మదిగా అడిగారు. నేనే ఇచ్చానండి అంది లేయమ్మ. నీళ్లతో ఇచ్చానండి అంది. మాటలు ఒక్కటి పోకుండా చెప్పింది. అప్పుడు ఇంకో ప్రశ్న కోసం చూసింది. ఆమె వేళ్లు కొంగుని పిండుతున్నాయి. బిడ్డ అప్పటికి ఊపిరితో ఉందా అని అడుగుతారని చూసింది. అడిగితే తెలియదని చెప్పడానికి సిద్ధంగా ఉంది, అబద్ధం ఆడే మనిషి కాదు. ఆయన ఆ ప్రశ్న అడగలేదు. చచ్చిన బిడ్డకి ఎవరూ బాప్తిస్మం ఇవ్వరు కదా, అందుకని అది ఎవరికీ తట్టలేదు. లేయమ్మ నోరు తెరిచి, మూసుకుంది.

"బాప్తిస్మం దేవుడిదమ్మా" అన్నారు అయ్యగారు. "నా చెయ్యైతే ఒకటి, నీ చెయ్యైతే ఒకటీ కాదు. వెండిదైతే ఎక్కువా కాదు, ఇత్తడిదైతే తక్కువా కాదు. నీ కూతురికి అందింది."

తర్వాత గుమ్మం వైపు తిరిగి పెద్దల్ని బాగా కోప్పడ్డారు. నీళ్లు అందకుండా పోయిన పసిగుడ్డుని మాత్రం దేవుడు తోసేస్తాడా, ఆ ఒడ్డు పద్ధతి పెట్టడానికి మీరెవరు అన్నారు. మంచిమాటే. ఆ మాటతో లేయమ్మకి ఊరట కలగాల్సింది, కలగలేదు. దేవుడు దయ చూపిస్తాడేమో అని ఆశ పెట్టుకోవడం వేరు, నీ బిడ్డకి మాటిచ్చాను అని దేవుడే అన్నాడని తెలియడం వేరు. ఆమెకి రెండోది కావాలి. పేరు పెట్టి పిలిచి, నువ్వు నాదానివి అని చెప్పిన మాట. ఆ మాట ఇచ్చేటప్పుడు పుచ్చుకోవడానికి బిడ్డ అక్కడ ఉందా లేదా, అదీ ఆమె బాధ.

ఆదివారం ఆరాధనలో అయ్యగారు సంఘం ముందు చెప్పారట, ఫిలేమోను లేయమ్మల కూతురు తబిత తల్లి చేతుల మీదుగా బాప్తిస్మం పొందిందనీ, అది సరైన బాప్తిస్మమనీ, దానికి ఇంకేమీ కలపనక్కర్లేదనీ. బర్నబాసుగారు అందరి ముందూ లేచి తప్పు నాది అన్నారట. ఇవన్నీ దోర్కసమ్మ చెప్పగా విన్నాను. ఆరాధన అయ్యాక బిడ్డని గుడి దొడ్డిలోకి తెచ్చుకుందామని పారలు పట్టుకుని ఒడ్డుకి వెళ్లారు. దాహానికి నీళ్లు కావాలని దోర్కసమ్మ నన్ను తీసుకెళ్లింది, కాబట్టి తర్వాతది నేను చూశాను.

ఒడ్డు లేదు. గుర్తుకి నాటిన తాటికమ్మ లేదు, అది నాటిన చోటు లేదు. నిన్నో మొన్నో విరిగి పడింది, నిట్టనిలువుగా పచ్చిమన్ను కనిపిస్తోంది, కింద సుడి తిరుగుతోంది. పారలు పట్టుకున్న మగవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బర్నబాసుగారు అక్కడే చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. అయ్యగారు నీళ్ల వైపు తిరిగి నిలబడి సమాధి ప్రార్థన చదివారు. అందరూ కళ్లు మూసుకున్నారు. లేయమ్మ మూసుకోలేదు. ఆ రోజు తర్వాత ఆమె ప్రార్థనలో కళ్లు మూసుకోవడం నేను చూడలేదు.

ఫిలేమోను వచ్చేసరికి చూపించడానికి ఏమీ లేదు. కూతుర్ని అతను చూడనేలేదు. తల్లి చెప్పింది విన్నాడు, భార్య మొహం చూశాడు, ఏటి ఒడ్డుకి పోయి పొద్దుగూకేదాకా నిలబడి వచ్చాడు. ఏమీ అడగలేదు. తర్వాత తాగుడు పట్టుకున్నాడు. ఒకసారి నన్ను గోడకేసి కొట్టాడు, నా పొట్ట మీది సొట్ట అప్పటిదే. లేయమ్మకి మళ్లీ కడుపు పండలేదు. మనుషులు సరే, ఏమీ అడగకుండా బతికేస్తారు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని వాళ్లకి భయం.

అయ్యగారు బదిలీ అయి వెళ్లిపోతూ లేయమ్మకి ఒక మాట చెప్పారు. రోజూ పొద్దున్నే మొహం కడుక్కునేటప్పుడు, నేను బాప్తిస్మం పొందినదాన్ని అని తలుచుకోమన్నారు. బాప్తిస్మం ఒక్కరోజుతో అయిపోయేది కాదట, రోజూ పాతమనిషి ఆ నీళ్లలో పోయి కొత్తమనిషి లేవాలట. లేయమ్మ తప్పలేదు. నాలో నీళ్లు ముంచుకుని, మొహం కడుక్కుని, "నేను బాప్తిస్మం పొందినదాన్ని" అనేది. కాస్త ఆగి, "తబితా పొందింది" అనేది. మొదటిది గబుక్కున వచ్చేసేది. రెండోది కొన్ని రోజులు సగంలోనే ఆగిపోయేది. అలాంటి రోజున ఆమెకి అన్నం సయించేది కాదు. దోర్కసమ్మ, పాపం, ఏమైందే అని అడిగి అడిగి, ఆ సంగతి తెలియకుండానే పోయింది.

ఏళ్లు గడిచాయి. గట్టు మీద కొత్త బోధకుడు ఒకాయన పందిరి వేసి కూటాలు పెట్టాడు. పసితనంలో పోయించుకున్న నీళ్లు లెక్కలోకి రావు, తెలిసి నమ్మి ఏట్లో నిండా మునగాలి, అదే బాప్తిస్మం అని ఆయన బోధ. లంకలో సగంమంది వెళ్లారు. ఫిలేమోను వెళ్లాడు, మునిగాడు, లేచాడు, తాగుడు మానేశాడు. ఉన్నమాట చెప్పాలి కదా, మనిషి నిజంగానే మారాడు. పనికి పోయేవాడు, కూలి డబ్బు తెచ్చి భార్య చేతిలో పెట్టేవాడు, గోడకేసి కొట్టిన నన్ను తనే తీసుకెళ్లి కళాయి వేయించుకొచ్చాడు. ఇంట్లో నవ్వు వినపడింది. దాంతో లేయమ్మకి చిక్కొచ్చి పడింది. అతను చెడ్డవాడుగా ఉన్నప్పుడు కాదనడం తేలిక.

నువ్వూ రా అన్నాడు. ముందు మెల్లగా, తర్వాత బతిమాలుతూ. ఒకే ఇంట్లో ఉండి వేరే వేరే బల్లల దగ్గర సంస్కారం తీసుకోవడం ఏం బాగుందన్నాడు. రేపు పరలోకంలో కూడా వేరుగా ఉండాలా అన్నాడు, కళ్లనీళ్లు పెట్టుకుని మరీ. ఒక్క మునక, నీకేం పోయిందన్నాడు. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూనే ఉంది. అతనికి ఉక్రోషం వచ్చింది.

"అసలు నువ్వు ఇచ్చేవో లేదో ఎవరు చూసేరు?" అన్నాడు.

అనేసి నాలుక కరుచుకున్నాడు. అన్నేళ్లుగా అడగనిది అదన్నమాట. లేయమ్మ చేట కింద పెట్టింది.

"నువ్వు చూళ్లేదు మావా. నేనిచ్చేను" అంది. "ఇప్పుడు నేను మునిగేననుకో, చిన్నప్పుడు నాకు పోసినవి ఉత్త నీళ్లని ఒప్పుకున్నట్టే. నాకు పోసినవి ఉత్త నీళ్లయితే దానికి పోసినవీ ఉత్త నీళ్లే. దానికి సమాధి కూడా మిగల్లేదు. అదొక్కటే మిగిలింది. అది కూడా నా చేత్తో తీసెయ్యమంటావా?"

ఫిలేమోను ఆమె పక్కన కూర్చుని, తనూ రాళ్లు ఏరాడు. మళ్లీ ఎప్పుడూ రమ్మనలేదు. ఆదివారం వస్తే ఇద్దరూ కలిసి ఇల్లు తాళం వేసేవారు, అతను రేవు వైపు, ఆమె గుడి వైపు. ఊరు నవ్వింది. ఊరుకి నవ్వడానికి ఏదో ఒకటి కావాలి. అతను పోయినప్పుడు అతని కూటంవాళ్లు వచ్చి వాళ్ల పద్ధతిలో గట్టు మీద పూడ్చారు. లేయమ్మ వెనక వరసలో నిలబడి, కళ్లు తెరుచుకునే ప్రార్థన చేసింది.

లంక మిగల్లేదు. వరద వరదకీ విరిగి, చేలు పోయి, ఇళ్లు పోయి, చివరికి గుడి దొడ్డి కూడా జారింది. ఎత్తున, పద్ధతిగా, బాప్తిస్మం పొందిన పెద్దలందర్నీ పెట్టిన చోటు. నతానియేలూ అక్కడే ఉన్నాడు. ఎవర్ని ఏ వరసలో పెట్టారో గోదారి అడగలేదు. సంతోషించానని చెప్పను, పుట్టెడు దిగులేసింది. మిగిలినవాళ్లకి గట్టు మీద కాలనీలో ఇళ్లిచ్చారు. లేయమ్మ, ఒక మూట, ఒక బైబిలు, నేను, ఇంతే వెళ్లాం. అక్కడ రేకుల గుడి ఒకటి ఉంది. కుళాయి ఉంది, ప్లాస్టిక్ బకెట్ ఉంది. అయినా పొద్దున్నే మొహం కడగడానికి నన్నే తీసేది.

ఆమె పోయాక ఇరుగుపొరుగువాళ్లు ఇల్లు ఖాళీ చేశారు. ఇప్పుడు నేను పాత సామాన్ల కొట్లో, వంగిన పళ్లేల కింద, ఒక స్టవ్వు పక్కన ఉన్నాను. రేపో మాపో మళ్లీ మూసలోకి పోతాను. కరిగాక ఏదీ గుర్తుండదు, మొదట్లోనే చెప్పాను. అందుకే ఇంత ఆత్రంగా మీకు చెప్తున్నాను. ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆమె పోవడానికి కొద్దిరోజుల ముందు ఒక ఆదివారం. పొద్దున్నే మొహం కడుక్కుంది. "నేను బాప్తిస్మం పొందినదాన్ని" అంది. రెండో మాట రాలేదు. గోడకి ఆనుకుని కూర్చుని నన్ను రెండు చేతులతో ఎత్తి మొహం దగ్గరికి తెచ్చుకుంది. కళ్లకి శుక్లాలు, నేను సరిగ్గా కనిపించానో లేదో.

"నేను కళ్లు మూసుకున్నానే" అంది. "నువ్వు మూసుకోలేదు గదా. అప్పటికి ఉందా?"

ఉందమ్మా. ఉంది. మూడోసారి నీళ్లు పడ్డప్పుడు నుదురు ముడుచుకుంది, పెదవి కదిలింది, ఒక చుక్క మింగింది. నువ్వు ఆమెన్ అనేదాకా ఉంది. నాకు తెలుసు. నా అంచు దాని నుదుటి మీదే ఉంది, లేయమ్మా. నేను ఎంత గింజుకున్నా ఇత్తడి ఇత్తడే. ఒక్క ముక్క బయటికి రాలేదు.

మనిషి జవాబు కోసం ఎంతసేపు చూస్తుందో అంతసేపూ చూసింది. గుడి గంట కొట్టారు. నన్ను కడిగి, బోర్లించి, లేచి నిలబడింది. "తబితా పొందింది" అంది, ఎవరో కాదన్నట్టు కొంచెం గట్టిగా. తర్వాత చెప్పులేసుకుని ఆరాధనకి వెళ్లింది.